మానిటర్ మీద నింద

పొద్దున్నే షట్టరు ఎత్తగానే ఫొటోగ్రాఫరు చేసే మొదటి పని, కంప్యూటర్ ముందు కూర్చుని మానిటర్‌ను తిట్టడం. ఆ రోజూ అదే జరిగింది. ఇంటి ముందుగదే స్టూడియో కాబట్టి ఆయన తిట్లు వంటింటిదాకా వినిపిస్తాయి.

"అంతా పసుపే. పసిపిల్ల మొహం కామెర్లొచ్చినట్టుంది. ఇవాళ దీన్ని మార్చాల్సిందే."

"మార్చండి మహానుభావా. మాకూ చెవులకు కాస్త విశ్రాంతి," అంది భార్య టీ గ్లాసు పక్కన పెడుతూ.

కౌంటర్ దగ్గర కవర్లు సర్దుతున్న కూతురు చిట్టి తలెత్తలేదు. పాపం, ఆ మానిటర్ ఏ తప్పూ చెయ్యలేదని ఆ ఇంట్లో తెలిసింది ఆమె ఒక్కదానికే.

పోయిన చలికాలంలో ఒకావిడ తన బిడ్డ ఫొటో తెచ్చి బల్లమీద పెట్టి, "మా పాప ఇంత నీలంగా ఉంటుందాండీ?" అని అడిగింది. ఫొటోగ్రాఫరు తెల్లబోయాడు. రంగుల విషయంలో ఆయన్ని వేలెత్తి చూపినవాళ్ళు అంతవరకూ లేరు. కన్ను తప్పిన రోజున షట్టరు దించేస్తానని ఆయన ఎప్పుడూ అంటుండేవాడు, అన్నంత పనీ చేసే మనిషి కూడా. అందుకే చిట్టి గబుక్కున అడ్డం పడింది. "పాత మానిటర్ కదా నాన్నా, పసుపు చూపిస్తోంది. దాన్ని నమ్మి నువ్వు నీలం ఎక్కువ కలిపావు," అంది. ఆయన నమ్మాడు. అప్పటి నుంచి ఆయన దిద్దిన ప్రతి ఫొటోనూ, ఆయన భోజనానికి లేచాక, కౌంటర్ మీది చిన్న తెరలో మళ్ళీ దిద్ది ప్రింటుకు పంపుతోంది. మానిటర్ మాత్రం రోజూ తిట్లు తింటోంది.

టీ తాగాక తండ్రీకూతుళ్ళిద్దరూ కంప్యూటర్ల షాపుకు వెళ్ళారు. యజమాని నాలుగు మానిటర్లు వరసగా పెట్టి అన్నిట్లోనూ తెల్లచొక్కా వేసుకున్న మనిషి బొమ్మ పెట్టాడు. ఫొటోగ్రాఫరు దగ్గరికి వెళ్ళి చూశాడు, వెనక్కి జరిగి చూశాడు, కళ్ళు చికిలించి చూశాడు.

"ఇది పసుపు. ఇదీ పసుపే. ఇదైతే పొగబారింది."

"రంగులకి వీటిని మించినవి లేవు సార్. పెద్ద పెద్ద స్టూడియోలవాళ్ళు ఇవే పట్టుకెళ్తారు."

"అయితే వాళ్ళూ చూసుకోకుండా కొన్నారన్నమాట. వేరేవి తియ్యండి."

షాపతనికి తల ప్రాణం తోకకొచ్చింది. చిట్టి వంక చూశాడు. చిట్టి నేలవంక చూసింది.

ఆ రెండు చూపులూ ఫొటోగ్రాఫరు కంటపడ్డాయి. జీవితమంతా మొహాలు చూసి బతికిన మనిషికి అంతకన్నా ఏం కావాలి? ఆయన ఏమీ కొనలేదు.

ఇంటికి రాగానే పాత మానిటర్ వేసి, తెరమీద ఖాళీ పేజీ తెరిచాడు.

"ఇదేం రంగు?"

"తెలుపు."

"ముందు నుంచీ తెలుపేనా?"

"ముందు నుంచీ అంతే నాన్నా."

"మరి బయటికి వెళ్ళిన నా ఫొటోలు?"

"నేను దిద్ది పంపాను."

ఆయన కుర్చీని బల్లకు దూరంగా నెట్టుకున్నాడు. "అందరూ బాగున్నాయంటే నావే అనుకుని మురిసిపోయాను. నన్ను ఎంత వెర్రివాణ్ణి చేశావే."

"చెప్తే ఏం చేసేవాడివి? షట్టరు దించేసేవాడివి." చిట్టి గొంతు పెరిగింది. "చిన్నప్పట్నుంచీ నీ పక్కన కూర్చుని నేర్చుకున్న పని. నువ్వు లేకుండా ఈ గదిలో నేనొక్కదాన్నీ కూర్చుని ఏం చెయ్యాలి?"

గుమ్మంలో నిలబడి అంతా విన్న భార్య కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఆయనకి పంతం, నీకు భయం. మధ్యలో ఆ కళ్ళు ఏమైపోతున్నాయో ఎవరికైనా పట్టిందా? మొన్న ఒక కాలికి నీలం మేజోడు, ఇంకో కాలికి నల్లది వేసుకుని వెళ్ళారు. మతిమరుపు అనుకున్నాను, నాకూ బుద్ధి లేదు. చెప్పులేసుకోండి, డాక్టరు దగ్గరికి పోదాం."

శుక్లాలు, రెండు కళ్ళకూ, అన్నాడు డాక్టరు. తెల్లవన్నీ పసుపుగా కనిపించేది వాటివల్లేనట, ఆపరేషన్‌తో పోతాయట. ఇంత ముదిరేదాకా ఎందుకు ఊరుకున్నారని ఆయన అడిగినప్పుడు చిట్టి బయటికి వచ్చి, గోడవైపు తిరిగి ఏడ్చింది. వెనకే తండ్రి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"నేనే చెప్పకుండా దాచాను నాన్నా."

"చెప్పే సందు నేనిస్తేగా."

మొదటి కన్ను కట్టు విప్పాక ఆయన స్టూడియోలోకి వచ్చి పాత మానిటర్ ముందు కూర్చున్నాడు. ఒక కన్ను మూసి చూశాడు, అది తెరిచి రెండోది మూసి చూశాడు. చాలాసేపు అదే పని. తర్వాత తను దిద్దిన పసిపిల్ల ఫొటో, చిట్టి దిద్దింది పక్కపక్కన పెట్టాడు.

"మొహం బాగా తెచ్చావు. చెవి దగ్గర ఎరుపు కాస్త ఎక్కువైంది," అన్నాడు.

ఆ సాయంత్రం మళ్ళీ వాళ్ళిద్దర్నీ చూసి షాపతని మొహం వాడిపోయింది.

"కంగారు పడకండి, నాక్కాదు. నాది బంగారంలా ఉంది. అమ్మాయికి. ఆ చిన్న తెరమీద నా తప్పులు దిద్దీ దిద్దీ దీని కళ్ళు కూడా పోతాయేమో," అన్నాడు ఫొటోగ్రాఫరు. "ఏది మంచిదో నన్నడక్కండి, దాన్నే అడగండి."

ఆయన పక్కకు జరిగి కూతురికి చోటిచ్చాడు. షాపతను మానిటర్లన్నీ వేశాడు. చిట్టికి అన్నీ మసకగానే కనిపించాయి. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది.