ఏడుంబావు బస్సు ఎక్కని పిల్ల

"నంద్యాల దాకా ఒక్కదానివే పోతావా? దోవలో ఏమన్నా అయితే?"

మంగళవారం పొద్దున ఆరు గంటలకే బాలమ్మ ఆ మాట అనడం నాలుగోసారి. చలిజ్వరంతో దుప్పటి కప్పుకుని కూర్చుంది. లేకుంటే తానే వెంట పోయేది.

"ఏం గాదులే మా," అంది జీవమ్మ. పంతొమ్మిదేళ్ల పిల్ల. చంకలో తాను కుట్టిన రవికెల మూట.

"కండక్టర్ని అడుగు. డ్రైవర్ని గూడా అడుగు. ఎక్కినాక పక్కనామెను అడుగు."

"నాకిప్పుడు చదువొచ్చు మా. ఎవర్నీ అడగను."

వాళ్ల పల్లెలో చర్చి వసారాలో వయోజన విద్యా కేంద్రం పెట్టి తొమ్మిది నెలలైంది. పదిమంది ఆడవాళ్లు మధ్యాహ్నాలు అక్షరాలు, కుట్టుపని నేర్చుకుంటున్నారు. నంద్యాలలో జరిగే కుట్టు పరీక్షకు అక్కడి నుంచి పోతున్న మొదటి పిల్ల జీవమ్మ.

సాయంత్రం ఐదుకు తిరిగి రావాలి. రాలేదు.

* * *

బుధవారం ఉదయం 8-40. ఆళ్లగడ్డ పోలీస్ స్టేషన్.

బెంచీ మీద కేంద్రం నడిపే ఏలీయా కూర్చుని ఉన్నాడు. చొక్కా చిరిగింది. ఊరివాళ్లే చింపారు.

హెడ్ కానిస్టేబుల్ ఖాజా నోట్‌బుక్ తెరిచాడు.

"పిల్లను ఆఖర్న చూసింది నువ్వేనా?"

"అవున్సార్. ఆళ్లగడ్డ బస్టాండు దాకా తోడు పోయినా."

"ఎన్నింటికి?"

"ఏడూ పదికి. నంద్యాల బస్సు ఏడుంబావుకు."

"ఎక్కిందా?"

"ఎక్కడం చూడలేదు సార్. బోర్డు మాత్రం పైకే చదివింది. 'నువ్వు పో సార్, నేను పోతా' అనె. వచ్చేసినా."

"ఏడుంబావు బస్సు కండక్టరు అట్లాంటి పిల్ల ఎక్కనే లేదంటాండాడు. పరీక్షకూ పోలేదు."

గోడవారగా కూలబడి ఉన్న బాలమ్మ ఒక్క ఉదుటున లేచింది.

"నా బిడ్డను ఏంజేసినావురా! అక్షరాలని చెప్పి ఇంట్లోంచి బయటికి తీసింది నువ్వే గదరా!"

ఫోను మోగింది.

ఖాజా విన్నాడు. ముఖం మారింది. "కాలవలోనా? వయసెంత? ఇరవై లోపలా?"



"కాళ్లకు మెట్టెలుండాయా చూడు," అన్నాడు ఖాజా ఫోన్లో. చాలాసేపు కాచుకున్నాడు. తర్వాత బాలమ్మ వైపు తిరిగాడు. "ఉండాయంట. నీ బిడ్డ గాదమ్మా."

"ప్రభువా!" అని చేతులు జోడించింది బాలమ్మ. మరుక్షణమే చేతులు దించేసింది. ఆ కాలవలో పిల్లకూ ఎక్కడో ఒక తల్లి ఉంటుంది. తన బిడ్డ మాత్రం ఎక్కడుందని?

"ఏలీయా, బోర్డు మీద ఏం చదివింది?"

"'నంద్యాల' సార్. కూడబలుక్కుని చదివింది. నాకు కండ్లల్లో నీళ్లొచ్చినయి."

"ఆ ఒక్క మాటేనా? బోర్డంతానా?"

ఏలీయా ఆలోచించాడు. "ఆ ఒక్క మాటే."

"అమ్మా, ఇదివరకు నంద్యాల బస్సు ఎట్ల కనుక్కుంటాంటిరి?"

"అడుగుతాంటిమి సారూ. ఎక్కేముందు ఇద్దర్ని, ఎక్కినాక ఒకర్ని."

ఖాజా టోపీ అందుకున్నాడు. "పదండి."

బస్టాండులో ఒక బస్సు బయల్దేరబోతోంది. ఖాజా దాని రేకు బోర్డు వైపు ఒక్కసారి చూశాడు. "ఎక్కండి," అన్నాడు.

"ఇది నంద్యాలకేనా సారూ?" బాలమ్మ అలవాటుగా అడిగింది.

"గాదు. చాగలమర్రికి."

చాగలమర్రికి ఎందుకు? అక్కడా ఏదన్నా కాలవ ఉందా? అడగకుండానే ఎక్కింది.

* * *

చాగలమర్రి. 10-15. బస్సులు ఆగేచోట టీ అంగడివాడిని ఖాజా ఒకటే ప్రశ్న అడిగాడు.

"నిన్న పొద్దున గుడ్డల మూటతో ఒక పిల్ల దిగిందా?"

"ఏడ్చుకుంటా దిగె సార్. ఆ ఎదురింటి గుల్జార్‌బీ లోపలికి పిల్చుకపాయె."

గుల్జార్‌బీ కుట్టు మిషను ముందు నుంచి లేచి వచ్చింది. "ఊరి పేరడిగితే చెప్పదు సార్. అన్నం దినదు. మీరు రావడం కిటికీలో చూసి గొళ్లెం పెట్టుకున్యాది."

బాలమ్మ తలుపు మీద పడింది. "జీవమ్మా!"

గొళ్లెం కదల్లేదు.

"ఈడుందని ఎట్ల తెలిసింది సార్?" అన్నాడు ఏలీయా.

"మనమెక్కిన బస్సు రేకు మీద ఏముందో చూసినావా? నంద్యాల – చాగలమర్రి. ఆళ్లగడ్డ రెంటికీ నడుమ. పోయేటప్పుడూ అదే బోర్డు, వచ్చేటప్పుడూ అదే. చదువు రానోళ్లు అడిగి ఎక్కుతారు. చదువు పాతబడినోళ్లు రెండు పేర్లూ చూసి అడుగుతారు. కొత్తగా నేర్చిన పిల్ల, తనకు కావాల్సిన పేరు కనపడె, ఎక్కె. జనంలో కండక్టరు దగ్గరికొచ్చేసరికి బస్సు సగం దూరం వచ్చేసుంటాది."

ఏలీయా తల దించుకున్నాడు. "బస్సు గూడా చదవలేకపాయెనని ఊరంతా నవ్వుతారు. మిగతా ఆడోళ్లను కేంద్రానికి పంపరు. అందుకే ఇంటికి రాలేకపాయె."

బాలమ్మ తలుపుకు చెంప ఆనించింది.

"కొట్టను బిడ్డా. తిట్టను. ఒక్కర్ని అడిగుంటే ఏమయితాండె?"

 గుల్జార్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బయట ఒక లారీ పోయింది. ఇంకొకటి పోయింది. ఊపిరన్నా వినపడుతుందేమోనని బాలమ్మ చెవి ఆనించి వింది. వినపడలేదు. లోపల దూలం ఉందా? తాడు ఉందా? 

"తలుపు పగలగొట్టు సారూ!"

ఖాజా భుజం ఆనించబోయాడు.

అప్పుడు తలుపు వెనక నుంచి, సన్నగా:

"చదువొచ్చినాక గూడా అడగాల్నా మా?"