సంకేతంలో ఒక తప్పు

పోర్ట్స్‌మత్ రేవులో తమ ఏజెంట్ ఒకడి శవం తేలిన మర్నాడే లండన్ గూఢచారి ఆఫీసు నుంచి లయనెల్ ప్రెవెట్‌కు పిలుపు వచ్చింది.

అతని పై అధికారి మిసెస్ థాక్రా సంగతి క్లుప్తంగా చెప్పింది. విదేశీ ముఠా ఒకటి అక్కడి ఏదో ప్రయాణికుల ఫెర్రీ అడుగున టైంబాంబు బిగించింది. అది ఏ ఫెర్రీయో బిగించిన డైవర్‌కు తప్ప మనవాళ్లెవరికీ తెలియదు. అతను భయపడి ఇటు వచ్చేస్తానంటున్నాడు. ఫెర్రీలన్నీ ఆపితే ముఠా దూరం నుంచే అప్పటికప్పుడు పేల్చేస్తుంది.

"అతన్ని గుర్తుపట్టడానికి సంకేతం ఇది. వానొచ్చేలా ఉందని నువ్వంటావు. 'ఐ కుడ్ కేర్ లెస్' అని అతనంటాడు. నువ్వూ అదే మాట తిరిగి అనాలి."

ప్రెవెట్ మొహం మాడిపోయింది. నాకు పూచికపుల్లంత లెక్క కూడా లేదనాలంటే 'కుడంట్' అనాలి. 'కుడ్' అంటే ఇంకా కాస్త లెక్క మిగిలి ఉన్నట్టే. అమెరికావాళ్లు అంటించిన తెగులిది.

"మేడమ్, అది తప్పు."

"తప్పనే పెట్టాను. ముఠావాళ్లు గ్రామర్ పుస్తకాల్లో ఇంగ్లీషు నేర్చుకున్నారు. సరిగ్గా అన్నవాడే శత్రువు. నీకు దండం పెడతాను ప్రెవెట్, ఈ ఒక్కసారికి ఎవర్నీ దిద్దకు."

బంట్రోతు నుంచి డైరెక్టర్ దాకా అతను దిద్దనివాళ్లు ఆ ఆఫీసులో లేరు.

చర్చి ఫాదర్ వేషంలో ప్రెవెట్ రేవు పక్క టీ దుకాణంలో కూర్చున్నాడు. చేతులు కాయలు కాసిన మనిషొకడు వచ్చి ఎదురుగా కూలబడ్డాడు. ప్రెవెట్ వాన మాట ఎత్తాడు.

"ఐ కుడ్ కేర్ లెస్," అన్నాడతను.

"కుడంట్," అనేశాడు ప్రెవెట్.

ఇరవయ్యేళ్ల అలవాటు, నోరు జారింది. డైవర్ పాలిపోయి, కప్పు అలాగే వదిలేసి బయటికి నడిచాడు. ప్రెవెట్‌కు తన నాలుక తనే కొరుక్కోవాలనిపించింది.

పక్క బల్ల దగ్గరి ముత్యాల దండ అమ్మాయి అతని ముందుకొచ్చి కూర్చుంది.

"ఐ కుడంట్ కేర్ లెస్," అంది, ఒక్కో అక్షరం తోమినట్టుగా. డైవర్ తనని పంపాడనీ, బాంబు 'హెరన్' అనే ఫెర్రీకి ఉందనీ చెప్పింది.

ఎంత చక్కటి ఇంగ్లీషు! ఈమె మన మనిషైతే ఎంత బావుండునని ప్రెవెట్ ప్రాణం కొట్టుకుంది. కాదని తెలుసు. ఆమె లిప్‌స్టిక్ మూత తీస్తుండగా మణికట్టు ఒడిసిపట్టాడు. లోపల విషపు సూది. దుకాణంలో కాపలా ఉన్న మఫ్టీ పోలీసులకు ఆమెను అప్పగించి, బయటికి పరిగెత్తాడు.

డైవర్ బస్సెక్కబోతూ ఆగాడు.

"మళ్లీ దిద్దడానికొచ్చావా, పంతులుగారూ? మా ముఠావాళ్లలో ఒకడివి కాకపోతే ఆ మాట అను. నాలాగే అను."

వెనక ఫెర్రీ గంట మోగింది. డెక్ మీద పిల్లలు రేవుకేసి చేతులూపుతున్నారు.

ప్రెవెట్ నోరు తెరిచాడు. "ఐ కుడ్..." ఆముదం తాగినట్టు కళ్లు మూసుకున్నాడు. "కేర్ లెస్."

"కింగ్‌ఫిషర్. చుక్కాని కింద."

గంట కొట్టి బయల్దేరబోతున్నది ఆ కింగ్‌ఫిషరే; మరమ్మతు సాకుతో, సగం విప్పిన దాని కట్టుతాడును మళ్లీ బిగించారు. నేవీ వాళ్లు తీగ కత్తిరించేసరికి బాంబు గడియారం ఆఖరి సెకనులో ఉంది.

ఆ సాయంత్రం మంత్రిగారు స్వయంగా ఫోన్ చేసి, దేశాన్ని 'లిటరల్లీ', అంటే అక్షరాలా, భుజాల మీద మోశావని మెచ్చుకున్నారు. ప్రెవెట్ కాసేపే ఓర్చుకోగలిగాడు.

ఆ ఏడాది పతకాలు అందుకున్నవాళ్లలో అతను లేడు.