ఊఁ కొట్టిన నేరం

చిన్ను ఒకటో తరగతిలో చేరాడు గానీ బడి మొహం ఇంకా చూడలేదు. కరోనా పుణ్యమా అని ఆ ఏడు బడే వాళ్ళింటికి వచ్చింది. నిజామాబాదులోని ఆ రెండు గదుల ఇంట్లో, బియ్యం డబ్బాకు ఆనించిన ఫోనే వాడి తరగతి గది. పొద్దున్నే సుమన కొడుక్కి తల దువ్వి, యూనిఫాం చొక్కా తొడిగి, ఫోను ముందు కూర్చోబెట్టి వంటింట్లోకి పరుగెత్తేది. ఆమె మొగుడు అఖిలేష్ మందుల షాపులో పనిచేస్తాడు. ఊరంతా తలుపులు మూసుకున్నా ఆయనకు మాత్రం సెలవు లేదు.

వాడి పక్కన పీట వేసుకుని కూర్చునేది నాయనమ్మ సత్తవ్వ, వాడి పిలుపులో బాపమ్మ. బోధన్ దగ్గరి పల్లెలో చెరుకు తోటల మధ్య బతికిన మనిషి. భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చింది. చేతుల్లో గోరుచిక్కుడు, చెవి మాత్రం ఫోను మీద.

ఆ రోజు షాజియా టీచర్ తెలుగు పాఠంలో నక్క కథ ఎత్తుకుంది. పిల్లలందరి మైకులూ మూసే ఉన్నాయి.

"అనగనగా ఒక అడవి" అంది టీచర్.

చిన్ను మైకు నొక్కి, "ఊఁ" అన్నాడు.

"ఆ అడవిలో ఒక నక్క ఉంది."

"ఊఁ."

"దానికి ఒకరోజు బాగా ఆకలేసింది."

"ఊఁ... పాపం."

సత్తవ్వ మనవణ్ణి చూసి మురిసిపోయింది. టీచర్ నవ్వి, "చిన్నూ, మైక్ బంద్ చేసుకో నాన్నా" అంది. వాడు బుద్ధిగా బంద్ చేశాడు. నక్క చెరుకు తోట చేరేసరికి మళ్ళీ వాడి గొంతు వినబడింది.

కొన్నాళ్ళు ఇలాగే గడిచింది. పోపుల గోలలో ఉన్న సుమనకు ఇవేవీ తెలియవు. స్కూలు ఆఫీసు నుంచి ఫోనొచ్చినప్పుడే తెలిసింది.

"మీ బాబు నడుమ నడుమ సౌండ్ చేస్తుండట మేడం. వేరే పేరెంట్స్ కంప్లైంట్ ఇచ్చిండ్రు. మళ్ళ గిట్లయితే లైవ్ క్లాసుల నుంచి తీసేస్తం. వీడియోలు పంపుతం, చూసుకుంటడు."

సుమన పొయ్యి కట్టేసి గదిలోకి వచ్చింది. తన చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. కొడుకైనా పైకి రావాలని ఆశ. ఫోనులో కనబడే ఆ టీచర్ తప్ప వాడికి బడి అంటే మరొకటి తెలియదు. ఆ కాస్తా పోతే వాడికిక బడే లేదు. భయమంతా కోపమై ముందు కొడుకు మీదికి పోయింది.

"ఎందుకురా క్లాసుల గట్ల సప్పుడు చేస్తున్నవ్?"

"సప్పుడు కాదు మమ్మీ. ఊఁ కొడుతున్న. కత చెప్తుంటే ఊఁ కొట్టాలె, బాపమ్మ చెప్పింది."

కోపం దారి మార్చుకుని అత్తగారి మీదికి మళ్ళింది.

"అత్తమ్మా, ఇది మీరు నేర్పిందేనా?"

"అవ్ బిడ్డా. ఊఁ కొట్టకుంటే, ఇంటున్నడో పండుకున్నడో ఆ పంతులమ్మకు ఎట్ల తెల్వాలె?"

"ఫోన్ల అట్లుండదు. మైక్ బంద్ పెట్టుకొని ఇనుడే పద్ధతి. మీ ఊరి అలవాట్లు ఊర్లెనే ఉంచుండ్రి. రేపటి సంది వాని పక్కకు కూసోకుండ్రి. కతలు గూడ చెప్పకుండ్రి, మీకు పున్నెముంటది."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. ఆ చివరి మాట ఎక్కువైందని సుమనకే అనిపించింది. సత్తవ్వ కూరగాయల పళ్ళెం వంటింట్లో పెట్టి వచ్చింది. సాయంత్రం కొడుకు ఇంటికి రాగానే మాత్రం, "ఐతారం నన్ను ఊర్లె దింపు బిడ్డా. ఇల్లెట్లున్నదో ఏమో సూసుకోవాలె" అంది. అడకత్తెరలో పోకచెక్క అయిన అఖిలేష్ ఇద్దరి మొహాలూ చూసి అన్నం కలుపుకున్నాడు.

మర్నాటి నుంచి కొడుకు పక్కన సుమనే కూర్చుంది. చిన్ను మైకు జోలికి పోలేదు. క్లాసు అయ్యాక కూడా నోరు తెరవలేదు. అన్నం తింటావా అంటే తల ఊపడమే. తెలుగు పాఠాలను సుమన మొదటిసారి చివరిదాకా విన్నది. టీచర్ ఒక మాట చెప్పి ఆగేది. "ఇంటున్నరా?" అని అడిగేది. ఒకడు ఫ్యాను చూస్తూ, ఒకతె జడ కొస నములుతూ, ఎవరూ పలికేవారు కాదు. కథ ఎలాగోలా ముగిసేది.

శనివారం మధ్యాహ్నం షాజియా టీచరే ఫోన్ చేసింది.

"సుమనక్కా, చిన్ను పానం బాగుందా? గొంతే ఇనబడ్తలేదు."

"మంచిగనే ఉన్నడు టీచర్. ఆఫీసోళ్ళు గరమైండ్రని నేనే వద్దన్న."

"అయ్యో, నాకు చెప్పనే లేదక్కా వాళ్ళు" అంది టీచర్. "నేను మా వంటింట్ల గోడకు మొహం పెట్టి కత చెప్త. ఎవ్వరు ఇంటున్నరో తెల్వది. వాడు ఊఁ అంటేనే నా ముంగట పిల్లలున్నరనిపించేది. మా దాదీ, అంటే మా బాపమ్మ, కూడ గంతే. మేం హూఁ అనకుంటే కహానీ ఆపేసేది. 'నేనేం పిచ్చిదాన్నా, ఒక్కదాన్నే మాట్లాడుకునేటందుకు' అనేది. పెద్ద మేడంతోని మాట్లాడిన అక్కా. సోమవారం సంది కత టైముకు అందరి మైకులు తెరిపిస్త. కుక్కర్ సీటీలు ఇనబడ్డా పర్వాలేదు. చిన్నుకు చెప్పు."

ఎగిరి గంతెయ్యాల్సిన మాట. కానీ సుమన ఫోను పట్టుకుని అలాగే కూలబడింది. 'ఒక్కదాన్నే మాట్లాడుకునేటందుకు' అన్న మాట గుండెలో గుచ్చుకుంది. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి సత్తవ్వ రోజూ ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. చక్కెర ఫ్యాక్టరీ ముందు బండ్ల వరుసలో మామ చెరుకు మీదే పడుకున్న సంగతి, కందకుర్తి కాడ గోదావరిలో గంగ స్నానానికి పోయి తను తప్పిపోయిన సంగతి. సుమన గిన్నెలు తోముతూనో ఫోను చూస్తూనో ఉండిపోయేది. ఒక్కనాడూ తిరిగి పలకలేదు. పలికింది చిన్ను ఒక్కడే. ఆ ఒక్కడి నోరూ తనే మూయించింది.

ఆదివారం పొద్దున సత్తవ్వ చీరలు సర్దిన సంచితో గడప దగ్గర కూర్చుంది. బయట అఖిలేష్ బండి స్టార్ట్ చేశాడు. సుమన వచ్చి అత్తగారి పక్కన నేల మీదే చతికిలబడింది.

"అత్తమ్మా, మామయ్య చెరుకు బండి మీద పండుకున్న సంగతి... మళ్ళొక్కసారి చెప్పుండ్రి."

"గిప్పుడెందుకు బిడ్డా? ఎండ ఎక్కుతది."

"మీరు చెప్పిండ్రు గని, నేను ఇనలే అత్తమ్మా. ఒక్కనాడు గూడ ఇనలే."

సత్తవ్వ కోడలి మొహంలోకి చూసి సంచి పక్కకు జరిపింది.

"సలికాలం అది. ఫ్యాక్టరీ గేటు దాక బండ్లే బండ్లు..."

"ఊఁ" అనబోయింది సుమన. సగమే బయటికొచ్చింది.

ఎప్పుడొచ్చాడో చిన్ను వచ్చి ఇద్దరి మధ్యా ఇరుక్కున్నాడు. "గట్ల కాదు మమ్మీ, గట్టిగ అనాలె" అన్నాడు. ఇన్నాళ్ళ తర్వాత వాడు నోరు విప్పి చెప్పిన మాట అది. సుమన ఏడుస్తూనే నవ్వి, వాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది.

బయట హారన్ మోగింది. సత్తవ్వ కోడలి కళ్ళు కొంగుతో తుడిచి, కొడుకును కేకేసింది.

"బండి బంజెయ్‌రా అఖిలేషు. కత నడుస్తున్నది."