తలకాయ లేని గ్రాఫ్

"మీ గ్రాఫ్‌కి తలకాయ లేదండీ!"

మా తొలి పలకరింపు ఇదీ. ఆ మాటన్నావిడ ఫ్యాన్ల కంపెనీకి కొత్త ఎండీ, ఇంచుమించు నా ఈడుదే. ఆమెను ఉంచాలో పంపాలో తేల్చమని డైరెక్టర్లు బయటినుంచి పిలిపించిన అనలిస్టుని నేను.

"లాభం పడిపోయిన మాట నిజమే కదా మేడమ్?" అన్నాను, కాస్త బింకంగా.

"నేను కుర్చీలో కూర్చున్న రోజునుంచి గీస్తే అలాగే కనిపిస్తుంది. అంతకుముందు సంగతో? అంతా బాగున్నన్నాళ్లూ ఆ కుర్చీ మగాళ్లదే. మునిగేటప్పుడు మాత్రం మేం గుర్తొస్తాం."

నవ్వుతూనే అంది. నా బింకం కాస్తా నీరుగారిపోయింది.

మర్నాడు గోడౌన్‌కి వెళ్లి చూద్దును కదా, పైకప్పుదాకా అట్టపెట్టెలే! పాత ఎండీ ఏడాది చివర్లో డీలర్లకి అంటగట్టి, అమ్మేశామని లెక్కల్లో చూపించిన ఫ్యాన్లవి. ఆయన దిగిపోయాక అన్నీ వెనక్కొచ్చాయి. నష్టమంతా ఈమె నెత్తిన పడింది. నా మీద నాకే ఒళ్లు మండింది.

సాయంత్రం వాన. గేటు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడ్డాను.

"కాఫీకి వస్తారా మేడమ్?"

"రాను."

"అదేంటండీ!"

"మీరు నన్ను ఉంచమని రాస్తే, కాఫీకి పడిపోయాడంటారు. పంపమని రాస్తే మీ కాఫీ నేను తాగను. గ్రాఫ్ గారూ, ఉన్నది ఉన్నట్టు రాయండి, చాలు."

తడుస్తూనే కారెక్కింది. నా మనసు కూడా ఆ కారెక్కి వెళ్లిపోయింది.

గ్రాఫ్ మళ్లీ గీశాను, పాత ఎండీ రోజులనుంచి. కానీ ఆమె తప్పు కూడా ఒకటి కనిపించింది. కొత్త మోడల్‌ని ఎండాకాలం దాటాక విడుదల చేసింది. అది రాస్తే ఆమె ఉద్యోగానికే ఎసరు రావొచ్చు. చెయ్యి రాలేదు. అయినా రాశాను.

మీటింగులో డైరెక్టర్లు నా రిపోర్టుని అటూ ఇటూ తిప్పారు. తప్పు దగ్గర ఆగారు. "నాదే పొరపాటు," అంది ఆమె సూటిగా. చివరికి ఆమెనే ఉంచారు.

గేటు దగ్గర మళ్లీ వాన.

"నా తప్పు కూడా రాశారే!"

"ఉన్నది ఉన్నట్టు రాయమన్నారుగా."

"రాయకపోయుంటే ఇవాళ మీతో కాఫీకి వచ్చేదాన్ని కాదు."

గొడుగు విప్పాను. "మేడమ్, రిపోర్టులో రాయనిది ఒకటుంది. మీరంటే నాకు చాలా ఇష్టం."

"ఎప్పటినుంచి?"

"మీరు తలకాయ లేదన్న రోజునుంచి."

"పర్లేదే, ఈసారి మొదటినుంచే గీశారు," అని నవ్వుతూ నా గొడుగు కిందికి వచ్చింది.