ఇద్దరు పరచాల్సిన పక్క

"ఇది ఉతికిన దుప్పటేనా?"

హోటల్ అడుగు అంతస్తులో, లాండ్రీ మెషీన్ల రొద మధ్య, చంకలో దుప్పటితో వచ్చి నిలబడిన అమ్మాయిని లాండ్రీ ఇన్‌చార్జి తలెత్తి చూశాడు. ఆమె హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరుగా చేరి నెల కూడా కాలేదు. పరిచిన పక్క మీద వెంట్రుకంత ముడత కనిపించినా మళ్లీ పరవమంటుందని పనివాళ్లు అప్పుడే ఆమెకి ముడతమ్మ అని పేరు పెట్టేశారు. అతనికీ ఒక పేరుంది. చొక్కాకి గంజి దట్టించి, వంగితే విరుగుతాడేమో అన్నట్టు తిరుగుతాడు కాబట్టి అందరికీ అతను గంజి.

"ఉతికాను, ఆరేశాను, ఇస్త్రీ చేశాను. ఇక మిగిలింది పెళ్లి చెయ్యడమే," అన్నాడు గంజి.

"చివరి గదిలో దిగినాయన ఈ పక్క మీద ఎవరో పడుకుని లేచారని గొడవ చేసి వెళ్లిపోయాడు. పాత దుప్పటే తిరగేసి పరిచారా అని నన్నడిగాడు. నేను తలెక్కడ పెట్టుకోవాలి?"

తిరగేయడం అన్న మాటే ఆమెకి పడదు. ఇంతకుముందు పనిచేసిన హోటల్లో, ఒక్క రాత్రి పడుకున్న దుప్పటిని మార్చక్కర్లేదు, తిరగేసి పరిచెయ్యమనేవారు. ఆమె పరవనంది. అందుకే అక్కడ ఉద్యోగం పోయింది. ఇక్కడి మేనేజరు ఆ ఉదయమే పిలిచి, ఆ గది నుంచి ఇంకొక్క ఫిర్యాదు వస్తే మూటాముల్లె సర్దుకోమన్నాడు. రెండు హోటళ్లు గెంటేసిన మనిషిని మూడో హోటల్ గుమ్మం ఎక్కనివ్వదు. ఈ పని తప్ప ఆమెకి మరో పని రాదు, వచ్చినా చెయ్యాలని లేదు.

గంజి దుప్పటి మూల తిప్పి చూపించాడు. ఏ రోజు ఉతికినవాటికి ఆ రోజు రంగు దారంతో మూలన ఒక కుట్టు వేయడం అతని పద్ధతి. అక్కడ ఆకుపచ్చ దారం ఉంది. అంటే నిన్న ఉతికిందే. మీవాళ్లే ఎవరో దీని మీద కునుకు తీసుంటారు, అత్త మీద కోపం దుత్త మీద చూపించకండి, నా దుప్పట్లకి పరువుంది అన్నాడు.

ఆమెకి నవ్వొచ్చింది. కానీ అతని ముందు నవ్వితే చులకనైపోతానని విసురుగా మెట్లెక్కేసింది.

మర్నాడు చివరి గదిలో పక్క తనే పరిచింది. గలీబు తొడిగిన దిండ్లు సర్ది, కిటికీ గడియ పెట్టి, తలుపు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుంది. మధ్యాహ్నం వెళ్లి తలుపు తీసింది.

పక్క మీద గుంట ఉంది.

కిటికీ వైపు, సన్నటి మనిషి ఒకరు ఒత్తిగిలి పడుకున్నంత మేర పరుపు దిగి ఉంది. దిండు మీద చెంప ఆనినంత లోతు. రెండో వైపు నున్నగానే ఉంది. కానీ ఆ నున్నటి భాగం మధ్యలో అరచెయ్యంత మేర దుప్పటి నలిగి ఉంది. నిద్రలో ఎవరో చెయ్యి చాపి, పక్కన మనిషి ఉన్నారా లేరా అని తడుముకున్నట్టుంది. కిటికీ గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆమె గుంటలో చెయ్యి పెట్టి చూసి, కాలినట్టు వెనక్కి లాక్కుంది.

ఎవరితో చెప్పినా పిచ్చిదంటారు. ఎవరితోనూ చెప్పకుండా ఉండనూ లేకపోయింది. కాళ్లు వాటంతటవే లాండ్రీ వైపు నడిచాయి.

గంజి మెట్లెక్కుతున్నంతసేపూ ఎగతాళి చేస్తూనే వచ్చాడు. దయ్యాలకి కూడా నా ఇస్త్రీ నచ్చిందన్నమాట అన్నాడు. గదిలోకొచ్చి పక్క మీద చెయ్యి వేశాక ఆ ఎగతాళి ఆగిపోయింది.

"వెచ్చగా ఉంది," అన్నాడు. "మీరు గానీ పడుకుని..."

"నేను పడుకుంటే ఇంత పొందిగ్గా ఉండదు."

అతను నవ్వలేదు. కిందికి వెళ్లి కొత్త దుప్పటి తెచ్చి, మీరు సరిగ్గా లాగి పరచలేదేమో, ఇటు నేను పట్టుకుంటాను, అటు మీరు పట్టుకోండి అన్నాడు. ఇద్దరూ చెరోవైపు నిలబడ్డారు. బయట వాన మొదలైంది. అతను గట్టిగా లాగాడు, ఆమె ఇంకా గట్టిగా లాగింది. దుప్పటి గాల్లో పొంగి, మెల్లగా పరుపు మీద వాలింది. వాలాక చూస్తే ఇద్దరూ పక్కని కాదు, ఒకరినొకరు చూసుకుంటున్నారు. ముందుగా చూపు తిప్పుకున్నది ఆమే. మూల సర్దే నెపంతో వంగి, సర్దాల్సిందేమీ లేని మూలని చాలాసేపు సర్దింది.

ఆ సాయంత్రం పక్క నున్నగా ఉంది. మర్నాడు ఆమె ఒక్కతే పరిచింది, గుంట పడింది. అతన్ని పిలిచి ఇద్దరూ పరిచారు, పడలేదు.

ఆ హోటల్లో ఎప్పటినుంచో గదులు తుడుస్తున్న పెద్దావిడ ఒకామె ఉంది. అందరూ పిన్ని అంటారు. ఆమెని కూర్చోబెట్టి అడిగారు. చీపురు పక్కన పెట్టి చెప్పింది. ఆ గదిలో పిల్లలు లేని ముసలి దంపతులు అద్దెకి చాలాకాలం ఉన్నారు. పక్క పరవడానికి పనివాళ్లని చెయ్యి పెట్టనిచ్చేవాళ్లు కాదు. పొద్దున్నే చెరోవైపు నిలబడి, కబుర్లాడుకుంటూ వాళ్లే పరుచుకునేవాళ్లు. ఒకరోజు ఆయన పోయాడు. ఆ తర్వాత ఆవిడ దుప్పటి మార్చనివ్వలేదు. ఆయన పడుకున్న చోటు గుంట అలాగే ఉందని, అది పోతే ఆయన పోయినట్టేనని అనేది.

"అప్పటి సూపర్‌వైజరు రూలంటే రూలనేవాడమ్మాయ్. ఆవిడ ఆసుపత్రికెళ్లినప్పుడు చెప్పాపెట్టకుండా దుప్పటీ పరుపూ అన్నీ మార్చేశాడు. ఆవిడొచ్చి ఎవర్నీ ఏమీ అనలేదు. తన వైపు ఒత్తిగిలి పడుకుంది. ఆయన వైపు చెయ్యి చాపి తడుముతూనే ఉంది. ఇక లేవలేదు."

ఆ రోజు నుంచి ముడతమ్మ ఆ గదిలోకి ఒంటరిగా వెళ్లలేదు. రోజూ లాండ్రీకి ఫోన్ చెయ్యడం, అతను దుప్పటి భుజాన వేసుకుని రావడం, ఇద్దరూ పరవడం అలవాటైంది. ఆ ముసలావిడ వింటుందేమోనని ఇద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లు. అలా మాట్లాడితే మామూలు మాటలు కూడా రహస్యాల్లా వినిపిస్తాయి. హోటల్లో గోడలకి చెవులుండనే ఉన్నాయి. ఒక్క దుప్పటి పరవడానికి లాండ్రీవాడికి పైన పనేమిటని వంటవాళ్ల దాకా గుసగుసలు పాకాయి.

ఒకరోజు ఆమే కిందికి వెళ్లింది. గంజి లేడు. గోడకున్న మేకుకి అతని తాళంచెవుల గుత్తి వేలాడుతోంది. అందులో చివరి గది తాళంచెవి కూడా ఉంది.  ఆ గది తెరవగలిగేది తానొక్కతేనని ఇన్నాళ్లూ అనుకుంది.

అతను రాగానే అడిగేసింది, గుంట మీరే చేస్తున్నారా అని. అతను తడబడ్డాడు. నిజానికి ఆ రోజు తన మనసులో మాట చెప్పాలని పొద్దుటినుంచీ సాధన చేసుకుంటున్నాడు. నోట్లో ఉన్న మాట ఒకటి, ఆమె అడిగింది ఇంకొకటి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆమెకి.

"మాసిన బట్టలు తీసుకెళ్లడానికి అన్ని గదుల తాళాలూ లాండ్రీలో ఉంటాయి," అన్నాడు చివరికి. "ఆ గదికి రావడం నాకిష్టమే. ఎప్పుడు పిలుస్తారా అని ఆ ఫోన్ వైపే చూస్తుంటాను. కానీ ఒక మనిషిని భయపెట్టి దగ్గరవ్వడం నాకు చేతకాదు."

మెషీన్ మూత వేసి అటు తిరిగిపోయాడు.

ఆమె ఫోన్ చెయ్యడం మానేసింది. అతను రావడం మానేశాడు. చివరి గది తాళం వేసే ఉంది. ఆ తర్వాత యజమాని చుట్టాలెవరో వస్తున్నారని, హోటలంతా నిండిపోయిందని, చివరి గది వాళ్లకేనని మేనేజరు చెప్పాడు. పక్క మీద చిన్న ముడత కనిపించినా నిన్ను నేను కాపాడలేనని కూడా అన్నాడు.

అతిథులు భోజనం చేసి పైకి వస్తారనగా ఆమె ఒంటరిగా ఆ గదిలోకి వెళ్లింది. అతనే దొంగైతే ఇవాళ గుంట పడకూడదు, తాను ఇక్కడే కాపలా ఉంటుంది కదా. దుప్పటి పరిచింది. మంచం కాళ్ల వైపు నిలబడి చూడసాగింది.

చూస్తుండగానే కిటికీ వైపు దిండు నెమ్మదిగా దిగింది.

తర్వాత భుజమంత మేర పరుపు దిగింది. తర్వాత నడుము. చప్పుడు లేదు, గాలి కూడా లేదు. దుప్పటి మీద రెండో వైపుకి ముడతలు ఒక్కొక్కటే బయలుదేరాయి. ఐదు వేళ్లూ విడివిడిగా తెలుస్తున్నాయి. అవి నున్నటి చోట అటూ ఇటూ వెతుకుతున్నాయి, ఆగుతున్నాయి, మళ్లీ వెతుకుతున్నాయి.

ఆమె పారిపోయేదే. కాళ్లు కదిలితేగా.  అంత భయంలోనూ ఆమెకి మరో మాట తట్టింది. తాను అతన్ని అనరాని మాట అంది. ఈ పక్క మీద వెతుకుతున్న చెయ్యికీ ఎవరూ దొరకడం లేదు, రేపటినుంచి లాండ్రీ వైపు వెళ్తే తనకీ అతను దొరకడు. ఉద్యోగం పోతుందన్న భయం కంటే ఈ భయం పెద్దదిగా ఉంది. ఆమెకి ఏడుపొచ్చింది.

మంచం అంచున కూర్చుని, తన చేతిని ఆ ముడతల మీద పెట్టింది. గుంటలా వెచ్చగా లేదు, మంచులా చల్లగా ఉంది. ముడతలు ఆమె వేళ్ల చుట్టూ బిగుసుకున్నాయి.

"ఆయన లేరమ్మా," అంది. "మీకు చెప్పకుండా మార్చారు. అది తప్పే. ఇకమీద మీకు చెప్పకుండా ఈ దుప్పటి నేను మార్చను."

బిగువు సడలలేదు. ఆమె రెండో చేత్తో మంచం పక్కనున్న ఫోన్ అందుకుని లాండ్రీకి కలిపింది.

"పైకి రా," అంది. మీరు అనడం కూడా మర్చిపోయింది.

"ఎందుకు, మళ్లీ దొంగననిపించుకోవడానికా?"

"నువ్వు కాదు. తప్పు నాదే. నువ్వు లేకపోతే ఈ పక్క నిలవదు, నేనూ నిలవను. నాకు నువ్వు కావాలి. తొందరగా రా, ఆవిడ నా చెయ్యి పట్టుకుంది."

అటువైపు ఫోన్ పెట్టేశాడు. వెంటనే మెట్ల మీద పరుగు వినిపించింది.

వచ్చాడు. గంజి చొక్కా నలిగిపోయింది. ఆమె చేతినీ, దాన్ని పట్టుకున్న ముడతల్నీ చూసి గుమ్మంలోనే ఒక్క క్షణం ఆగాడు. తర్వాత ఆమెకి ఎదురుగా మంచం అవతలి వైపుకి వెళ్లి నిలబడ్డాడు. "అమ్మా, ఇప్పుడు ఇద్దరం కలిసి పరుస్తాం," అన్నాడు, ఇంట్లో పెద్దావిడకి చెప్పినట్టు. ముడతలు నెమ్మదిగా వదిలాయి. ఇద్దరూ దుప్పటి ఎత్తి, విదిలించి, పరిచారు. అది వాలేసరికి ఆమె చెయ్యి అతని చేతిలో ఉంది.

మేనేజరు అతిథులతో వచ్చి పక్కంతా తడిమి చూశాడు. వంక పెట్టడానికి ఏమీ దొరక్క, లాండ్రీవాడు ఇక్కడేం చేస్తున్నాడని అడిగాడు. పక్క పరవడానికి ఇద్దరు కావాలండి అని ఆమె తడుముకోకుండా చెప్పింది. మర్నాడు అతిథులు హాయిగా నిద్రపట్టిందని మెచ్చుకుని వెళ్లారు. ఆమె ఉద్యోగం నిలబడింది.

కొన్నాళ్లకి రిజిస్టరు ఆఫీసులో సంతకాలు పెట్టి పెళ్లి చేసుకున్నారు. ఆమె తరఫున అమ్మా తమ్ముడూ వచ్చారు, అతనికి ఎవరూ లేరు కాబట్టి పిన్ని అతని తరఫున సంతకం పెట్టింది. విచిత్రమేమిటంటే, ఆ రోజు నుంచి చివరి గదిలో పిన్ని ఒక్కతే పరిచినా గుంట పడలేదు. ఆవిడ వెళ్లిపోయిందని అందరూ అనుకున్నారు. ముడతమ్మకి మాత్రం, ఎక్కడికి వెళ్లుంటుందా అని మనసు కొంచెం దిగులుగా ఉండేది.

ఒక సాయంత్రం ఇద్దరూ కలిసి ఇంటికొచ్చారు. ఒకే గది, ఒకే కిటికీ ఉన్న చిన్న అద్దె ఇల్లు. పొద్దున్న ఇద్దరూ చెరోవైపు నిలబడి పరిచి వెళ్లిన మంచం, కాళ్ల వైపు అంచున, ఒక మనిషి కూర్చున్నంత మేర దిగి ఉంది.

గంజి భార్య చెయ్యి పట్టుకున్నాడు.  ఆమె మంచం వైపు ఒక అడుగు వేసింది.

"అమ్మా, రేపు ఈ దుప్పటి మారుద్దామనుకుంటున్నాం. మార్చమంటారా?"

 మంచం అంచున ఉన్న గుంట మెల్లగా పక్కకి జరిగి, ఇద్దరు కూర్చునేంత చోటిచ్చింది. ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఇద్దరూ వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నారు.