కరెంటు ఉన్నంతసేపే

"టార్గెట్ రాణి," అన్నాడు చీఫ్. "మధ్యాహ్నం పన్నెండింటికి ప్రోగ్రాం విదేశీ ముఠాకి పంపేస్తుంది. అది చేరిందా, మన రైలు సిగ్నళ్లన్నీ వాళ్ల గుప్పిట్లోకి పోతాయి. ఆమెను ప్రాణాలతో తీసుకురా. అర్థమైందా?"

ఏజెంట్ డేగ పళ్లు పటపట కొరికాడు. అర్థం కాకేం! రాణి డబుల్ ఏజెంట్. అతని అన్నయ్యతో పెళ్లి కుదుర్చుకుని, ఆయన రాసిన సిగ్నల్ ప్రోగ్రాం కాజేసి, ఆయన గుండెల్లోనే తూటా దింపిన అందగత్తె. తిన్నింటి వాసాలు లెక్కపెట్టిన మనిషి! ప్రాణాలతో తేవాలట.

పదకొండున్నరకి యూపీఎస్ మెకానిక్ వేషంలో, గుబురు మీసంతో, ముఠా ఆఫీసు గేటు దగ్గర నిలబడ్డాడు.

"వాన పడుతుందంటావా?" అన్నాడు గార్డు.

"గొడుగు ఇంట్లోనే మరిచాను." చీఫ్ ఇచ్చిన కోడ్ పనిచేసింది.

కిటికీల్లేని కంప్యూటర్ గది మూలన కరెంటు పోతే ఆదుకునే యూపీఎస్, దాని పక్కనే మెయిన్ స్విచ్. ముందు అలారం వైరు కత్తిరించాడు. తరువాత బ్యాటరీలన్నీ ఒక్కొక్కటే విప్పేశాడు. ఆఖరి నట్టు చేతికొచ్చేసరికి వీపుకి పిస్టల్ తగిలింది.

"మీసం నీకు నప్పలేదు, మరిదీ."

డేగ రక్తం సలసల మరిగింది. స్క్రీన్ మీద కంపైల్, అంటే ప్రోగ్రాంను పంపడానికి సిద్ధం చేసే పని, తొంభై ఆరు శాతం అయింది. టైం పదకొండు యాభై తొమ్మిది.

"డిస్క్ ఊడబెరుక్కుపోతావా?" రాణి నవ్వింది. "రైడ్ జరిగినా దాంట్లో ఒక్క అక్షరం దొరకదు. రాసిన సోర్సు, తయారయ్యే బిల్డు, అంతా ర్యామ్‌లోనే. నలభై నిమిషాల కంపైల్ ఆరు నిమిషాల్లో అయిపోతుంది. మీ అన్నయ్య నేర్పిన విద్యే!"

నిజమే. అన్నయ్య కూడా తాత్కాలిక ఫైళ్లన్నీ ర్యామ్‌లోనే పెట్టేవాడు. కానీ ముందుగా సోర్సు కాపీ డిస్క్‌లో భద్రం చేయనిదే కీబోర్డు ముట్టేవాడు కాదు. కరెంటు పోతే ర్యామ్‌లో ఏదీ మిగలదని రోజూ చెప్పేవాడు. ఆ చాదస్తం చూసి పగలబడి నవ్వింది ఈ రాణే.

"విద్య నేర్చుకున్నావు, వదినా. ఆయన చాదస్తం నేర్చుకోలేదు."

తొంభై తొమ్మిది శాతం. డేగ మెయిన్ స్విచ్ కిందికి కొట్టాడు.

చిమ్మచీకటి. పిస్టల్ పేలింది, తూటా గోడకు తగిలింది. అతను ఆమె మణికట్టు మెలిపెట్టి పిస్టల్ లాక్కున్నాడు. ట్రిగ్గర్ మీద వేలు పెట్టాడు. అన్నయ్య కోసం ఒక్క తూటా చాలు.

అప్పుడే రాణి ఫోన్ మోగింది. చీకట్లో ఆ వెలుగు పడి ఆమె ముఖం సున్నం కొట్టినట్టు కనిపించింది. సరిగ్గా పన్నెండు. అవతల ముఠా నాయకుడు. వట్టి చేతులు చూపించినవాళ్లను అతను ప్రాణాలతో వదలడు.

డేగ తాపీగా వేలు తీసేశాడు. "ఎత్తు, వదినా. ఆయన చాదస్తం గురించి చెప్పు."

సాయంత్రం చీఫ్ ఆశ్చర్యపోయాడు. "బేడీలు కూడా వేయలేదేం?"

"ముఠా వెంటపడుతుందని దారంతా ఆవిడే నన్ను పరుగెత్తించుకొచ్చింది, సార్."