తొమ్మిదింటికి తగ్గిపోయే నెట్

ఖరిదా పేటలోని ఆ అద్దె ఇంట్లో పొద్దున్న తొమ్మిదయ్యేసరికి అందరి పనులూ ఒకేసారి మొదలవుతాయి. సింహాచలమ్మ పొయ్యి మీద పప్పు కుక్కరు పెడుతుంది. వీధిలో చేపలమ్మే బెంగాలీ దాదా కేకేస్తాడు. సింహాచలమ్మ కూతురు సత్యవాణి లోపలి గదిలో తలుపేసుకుని, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఎక్కడెక్కడి పిల్లలకో లెక్కలు చెప్పడం మొదలుపెడుతుంది.

ఆ శనివారం క్లాసు ఇరవై నిమిషాలు నడిచిందో లేదో, "మేడం, మీరు బొమ్మలా ఆగిపోయారు" అన్నాడో పిల్లవాడు. ఇంకొకరికి మాట ముక్కలుగా వినిపించింది. ఎలాగో ముగించేసరికి కంపెనీ నుంచి మెసేజ్ వచ్చి ఉంది. ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఆమె క్లాసులు వేరే టీచరుకు ఇచ్చేస్తారట.

మూడు వారాలుగా ఇదే వరస. సత్యవాణికి భయంతో పాటు వింతగానూ ఉంది. సాయంత్రం అదే కుర్చీలో కూర్చుని చూస్తే నెట్ స్పీడు ముప్ఫై అయిదు. పొద్దున్న తొమ్మిది దాటితే నాలుగు. ఎవరైనా దొంగతనంగా వాడుతున్నారేమోనని పాస్‌వర్డు మార్చింది. రూటరు ఆపి మళ్ళీ వేసింది. కనెక్షన్ ఇచ్చిన సిరిల్ ఒక సాయంత్రం వచ్చి చూసి, "లైను ఠీక్‌గానే ఉందక్కా" అని వెళ్ళిపోయాడు. మరి పొద్దున్న తొమ్మిదింటికి ఈ ఇంట్లో ఏం జరుగుతోంది?

ఆలోచిస్తుంటే ఒకటి తట్టింది. రూటరు హాల్లో గూట్లో ఉంటుంది. రోజూ క్లాసు మొదలయ్యే వేళకి ఆ గూటి దగ్గర ఏదో జరిపిన చప్పుడు, వెనకే నాన్న దగ్గు.

నూకయ్య రైల్వే టెలిఫోన్ లైన్లు చూసి రిటైరైన మనిషి. ఇందా పేటలోని బడిలో ఉద్యోగం మానేసి కూతురు ఈ పనిలో చేరిన రోజున, "గదిలో కూకుని తెరతో మాటాడీది కూడా ఉద్యోగమేటి?" అన్నాడు. రెండు నెలలుగా తండ్రీ కూతుళ్ళ మధ్య మాటల్లేవు.

భోజనాల దగ్గర సత్యవాణి ఆగలేకపోయింది. "రోజూ తొమ్మిదింటికి రూటరు కాడ ఏటి చేస్తున్నావు నాన్నా?"

ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. "నువ్వు తలుపేసీసుకున్నాక నేనేటి చేస్తే నీకేటి?"

"నాకేటా? నా ఉద్యోగం పోతున్నాది. పోవాలనే చేస్తున్నావు కదూ?"

"వాణీ!" అంది సింహాచలమ్మ.

నూకయ్య మొహం నల్లబడింది. "ముప్ఫై నాలుగేళ్ళు చేసినాను. ఎవుడి లైనూ నా చేత్తో చెడగొట్టనేదు" అని, కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు.

మర్నాడు ఆదివారం. టీ తాగుతున్న కూతురి ఎదుట నూకయ్య వచ్చి నిలబడ్డాడు. చేతిలో సుద్దముక్క. "రా. లోపం ఎక్కడుందో ఎతుకుదాం. సెక్షన్ విడగొట్టి, ఒక్కో ముక్కా చూడాల."

సత్యవాణి టీ గ్లాసు కింద పెట్టి లేచింది. ముందు ల్యాప్‌టాప్‌కి రూటరు నుంచి నేరుగా వైరు తగిలించారు. తొంభై ఎనిమిది.

"అయితే బయట లైను మంచిదే. రోగం వైరు లేని కాడ, గాల్లో ఉంది."

తర్వాత వైరు తీసేసి, ఫోను పట్టుకుని ఆమె అడుగులో అడుగేస్తూ అంకెలు చెబుతుంటే, అతను వెనకే వంగి నేల మీద సుద్దతో రాశాడు. గూటి ముందు తొంభై. వంటింటి గుమ్మంలో అరవై. ఆమె గదిలో ముప్ఫై అయిదు.

"ఇప్పుడెందుకు తగ్గటం లేదు నాన్నా?"

"అదే కనిపెట్టాల. పనిరోజు తొమ్మిదింటికి ఏటేటి ఉంటాయో అన్నీ పెట్టి చూడాల."

ఇద్దరికీ పట్టుదల పెరిగింది. కుక్కరు పెట్టించారు, మిక్సీ తిప్పించారు, టీవీ వేశారు. గోల పెరిగిందే గాని అంకె కదల్లేదు. "ఇంకేటి మిగిలింది?" అంది సత్యవాణి ఉత్సాహంగా.

నూకయ్య సుద్ద గీతలకేసి చూశాడు. పెరట్లోకి వెళ్ళి, చెక్క చట్రానికి కొట్టిన పెద్ద రేకు ఒకటి మోసుకొచ్చాడు. గదికి వెళ్ళే దారికి అడ్డంగా నిలబెట్టాడు. రేకు సగం గూటిని కూడా కప్పేసింది.

"ఇప్పుడు చూడు."

గదిలోంచి ఆమె ఫోనుకేసి చూసింది. "నాలుగు."

"నేనేనమ్మా" అన్నాడతను నేల చూపులు చూస్తూ. "నువ్వన్న మాటే నిజం."

"అసలిదెందుకు పెడుతున్నావు?"

సింహాచలమ్మ గరిటె పట్టుకునే వంటింట్లోంచి వచ్చింది. "ఓ దినం కుక్కరు ఈల ఇని నీ పిల్లలు నవ్వినారంట కదా. క్లాసుకి గోల ఎల్లకూడదని, పాత ట్రంకుపెట్టెల మూతలు కొట్టి చేసినారు మీ నాన్న. నువ్వు లోపలికెల్లగానే పెడతారు, పన్నెండింటికి తీసీస్తారు. నీకు చెప్పొద్దన్నారు."

"ఇనుము అడ్డమొస్తాదని నాకేటి తెల్సు?" అన్నాడు నూకయ్య. "నాది తీగల ఉద్యోగం. గాలి సంగతి నాకు తెల్దు."

సత్యవాణి రేకుని పక్కకి లాగి వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది. ఆ చేతికంటిన సుద్ద ఆమె కన్నీళ్ళతో తడిసింది. "నిన్నెంత మాటనేసినాను నాన్నా!"

"ఊరుకో. అనుమానం వచ్చిన కాడే కదా ఎతకాల" అన్నాడతను.

ఆ సాయంత్రమే సింహాచలమ్మ చప్పుడు ఆగేలా గది దారికి అడ్డంగా బొంత వేలాడదీసింది. నూకయ్య గోడకి మేకులు కొట్టి రూటరుని గూట్లోంచి పైకి ఎక్కించాడు. సోమవారం క్లాసు మూడు గంటలూ ఎక్కడా తెగలేదు.

పన్నెండింటికి తలుపు తీసేసరికి, గుమ్మం పక్కనే స్టూలు మీద నూకయ్య కూర్చుని ఉన్నాడు.

"వాణీ, ఎప్పుడూ 'నాకు రాదు మేడం' అంటాది, ఆ పిల్ల షైని. ఇయాల దాని గొంతు ఇనబడలేదు. ఒంట్లో బాగోలేదేటి?"

సత్యవాణి గుమ్మంలోనే నిలబడిపోయింది. రెండు నెలలుగా ఆ స్టూలు మీద కూర్చుని, గొంతుని బట్టి పిల్లల్ని గుర్తుపట్టేటంతగా విన్నాడన్నమాట.

"జ్వరమంట నాన్నా" అంది మెల్లగా.

"అయ్యో, భిన్నాలు సగంలో ఉన్నాయి కదా! తగ్గినాక దానికి వేరేగా చెప్పు."